ఎవరి వేళ్లు?

వైద్య పాఠ్యపుస్తకాలను మనం సాహిత్యంలా చదవం. అది శాస్త్రం కదా, అందులో కథకుడూ ఉపమానాలూ ఎందుకుంటాయి అనుకుంటాం. ఎంబీబీఎస్ విద్యార్థులు ఫోరెన్సిక్ మెడిసిన్‌లో దశాబ్దాల పాటు చదివిన కన్యత్వపు అధ్యాయాన్ని, ఒక కథనో కావ్యాన్నో చదివినట్టు చదివి చూడండి.

తొలి లైంగిక సంపర్కానికి అందులో వాడే మాట 'డీఫ్లొరేషన్'. లాటిన్ మూలంలో దానికి పువ్వు తెంపడమని అర్థం. గుండెజబ్బుల పాఠంలో ఎవరైనా ఇలాంటి ఉపమానం రాస్తే నవ్వుతారు. ఇక్కడ అది పరిభాష. ఆ తర్వాత 'నిజమైన కన్య', 'కన్యలా కనిపించే స్త్రీ' అని రెండు రకాలు, ఇద్దరినీ వేరుచేసే శరీర లక్షణాలు. ముగ్ధ, మధ్య, ప్రౌఢ అంటూ స్త్రీని అనుభవాన్ని బట్టి కొలిచిన మన అలంకారశాస్త్రం గుర్తుకు రావడం లేదూ? అది రసికుడి కోసం, ఇది డాక్టరు కోసం. కాకపోతే కావ్యాన్ని చదివి పక్కన పెట్టేయొచ్చు. ఈ వర్గీకరణ మాత్రం సర్టిఫికెట్‌గా మారి కోర్టు మెట్లెక్కుతుంది. మగవాడి కన్యత్వానికి లక్షణాలేమిటో ఆ పుస్తకాలు చెప్పవు.

అసలు చిక్కంతా 'రెండు వేళ్ల పరీక్ష' వాక్యంలో ఉంది. అత్యాచారానికి గురైన స్త్రీని పరీక్షించి, యోనిలో రెండు వేళ్లు సులభంగా పట్టాయని రాస్తారు. ఎవరి వేళ్లు? ఆ వాక్యంలో వేళ్లున్నాయి గాని వేళ్ల మనిషి లేడు. ఒక్కొక్కరి వేళ్లు ఒక్కో లావుంటాయన్న చిన్న సంగతి కూడా అంత పెద్ద శాస్త్రానికి తట్టలేదు. ఇక ముగింపు 'సంపర్కానికి అలవాటుపడినది' అని. అలవాటు అనే మాట మనం కల్లుకీ, చుట్టకీ వాడతాం. పెళ్లయి కాపురం చేసుకుంటున్న స్త్రీకీ ఆ మాటే, అంతకుముందు అత్యాచారానికి గురైన పిల్లకీ ఆ మాటే.

1972లో మహారాష్ట్రలోని దేశాయిగంజ్ పోలీసు స్టేషన్లో అత్యాచారానికి గురైన ఆదివాసీ బాలిక మథుర కేసులో ఈ మాటలే సాక్ష్యమయ్యాయి. పాత చిరుగులున్న కన్నెపొర, రెండు వేళ్లు, అలవాటు. 1978లో సుప్రీంకోర్టు ఆ పోలీసుల్ని వదిలేసింది. ఆ తీర్పుపై వచ్చిన ఆగ్రహం, 1983లో చట్టంలో వచ్చిన మార్పు మనకు తెలిసినవే. చట్టం మారాక కూడా పాఠం మారలేదన్నది మనం అంతగా పట్టించుకోని సంగతి. 2004లో జార్ఖండ్‌లో ఒకడు ఒక అమ్మాయిపై అత్యాచారం చేసి నిప్పంటించాడు. కాలిన గాయాలతో ఆస్పత్రిలో ఉన్న ఆమెకు కూడా వైద్యబోర్డు ఈ రెండు వేళ్ల పరీక్షే చేసింది. ఆమె బతకలేదు. ఆ డాక్టర్లు రాక్షసులని నేననుకోను. మార్కులు తెచ్చుకున్న పాఠాన్నే వాళ్లు ఆచరణలో పెట్టారు. నా భయమంతా అదే. ఆ కేసులోనే 2022లో సుప్రీంకోర్టు, ఇకపై ఈ పరీక్ష చేసేవాళ్లది దుష్ప్రవర్తనే అవుతుందని చెప్పి, వైద్యకళాశాలల పాఠ్యప్రణాళికను కూడా సరిచూడమంది.

దీన్ని లోపలి నుంచే ప్రశ్నించినవాళ్లున్నారు. సేవాగ్రామ్ వైద్యకళాశాల ఫోరెన్సిక్ ఆచార్యుడు ఇంద్రజిత్ ఖాండేకర్, కన్యత్వ లక్షణాలకు శాస్త్రీయ ఆధారం లేదని నివేదిక రాస్తే, 2019లో మహారాష్ట్ర ఆరోగ్య విశ్వవిద్యాలయం ఆ పాఠాన్ని తీసేసింది. ముంబయిలోని సెహత్ సంస్థ ఇంకో దారి పట్టింది. స్త్రీల ఆరోగ్యానికని విడిగా ఒక అధ్యాయం అతికించకుండా గైనకాలజీ, సైకియాట్రీ, ఫోరెన్సిక్ వంటి సబ్జెక్టుల లోపలికే జెండర్ దృష్టిని తెచ్చే పాఠాలు తయారుచేసి, ముందు అధ్యాపకులకు శిక్షణ ఇచ్చింది. నాకు ఈ దారే నచ్చింది. పేజీ చింపేస్తే పుస్తకంలో ఖాళీ వస్తుంది, పాత పాఠం చదువుకున్న అధ్యాపకుడు ఆ ఖాళీని తనకు తెలిసినదానితోనే నింపుతాడు.

అనుమానం అక్కర్లేదు. 2022లో పాఠ్యప్రణాళికను సవరించిన జాతీయ వైద్య కమిషనే 2024 ఆగస్టు ఆఖరున కొత్త మార్గదర్శకాల్లో కన్యత్వాన్నీ, కన్నెపొరనూ మళ్లీ తెచ్చిపెట్టింది. స్త్రీల మధ్య ప్రేమను 'అసహజ నేరాల' పక్కన చేర్చింది. గొడవ జరిగాక వారం తిరక్కుండా వెనక్కి తీసుకుంది. సంతోషమే. కానీ ఆ పేజీని మళ్లీ టైపు చేసినప్పుడు ఒక్కరికీ చెయ్యి ఆగలేదే!

మనమూ తక్కువ తినలేదు. అత్యాచారాన్ని 'మానభంగం' అనీ 'చెరచడం' అనీ మన కథల్లో, పత్రికల్లో ఎన్నేళ్లు రాశామో లెక్క చూసుకోవాలి. పోయేది మానం, చెడేది ఆమే అన్నమాట. ఫోరెన్సిక్ పుస్తకం లాటిన్‌లో చెప్పింది మనం తెలుగులో చెప్పాం.

2014లో కేంద్ర ఆరోగ్య శాఖ ఇచ్చిన మార్గదర్శకాల్లో, ఆమె పరీక్షకు ఒప్పుకోకపోయినా చికిత్స నిరాకరించకూడదని ఉంది. ఫోరెన్సిక్ ప్రశ్నపత్రాలు సంపాదించి చూడాలని ఉంది, ఈ వాక్యానికి ఎన్ని మార్కులిస్తున్నారో.