పందెం కోడికి నొప్పి లేదా?

కుక్కుట శాస్త్రం తిరగేసిన పాఠకులకు తెలుసు: డేగ, కాకి, నెమలి అంటూ ఈకల రంగులు, ఏ రోజు ఏ రంగుది గెలుపో లెక్కలు. ఆ చూపంతా గెలుపు మీదే. కోడి బాధ మాటేమిటి?

గోదావరి జిల్లాల సంక్రాంతి బరుల్లోనూ, చింతలనార్ ఉన్న బస్తర్ ప్రాంతపు వారపు సంతల్లోనూ కోడిపందేలు మామూలే. సమర్థించేవారు ఒక వాదన చేస్తారు: "నెత్తురు కారుతున్నా కలబడుతోంది, దానికి నొప్పెక్కడిది?"

చూసింది నిజమే. తీసిన నిర్ణయం తప్పు.

ప్రమాదం ఎదురైతే పీయూష గ్రంథిలో ఒకే పెద్ద ప్రోటీను తెగి ఏసీటీహెచ్, బీటా ఎండార్ఫిన్ వెలువడతాయి. మొదటిది అడ్రినల్ గ్రంథి చేత కార్టికోస్టెరాన్‌ను విడుదల చేయిస్తుంది. రెండోది నల్లమందు కోవది. ఆ కోవకే చెందిన ఎన్‌కెఫాలిన్లను 1975లో అబర్డీన్‌లో హ్యూస్, కోస్టర్లిట్జ్ పంది మెదడులో గుర్తించారు. మెదడులో, వెన్నుపాములో తయారయ్యే ఇలాంటి రసాయనాలు నొప్పి సంకేతాలను కాసేపు అడ్డుకుంటాయి. ఇల్లు తగలబడుతుంటే కాలిలో దిగిన గాజుపెంకు మనకూ తెలియదు కదా!

కోళ్లలోనూ ఇంతే. కీళ్లవాపు కలిగించిన కోళ్లు కుంటేవనీ, ధ్యాస వేరే పనిమీద పడితే కుంటడం తగ్గేదనీ 1990లలో స్కాట్లండులో మైకేల్ జెంటిల్ చూపాడు. నొప్పే లేకపోతే దాన్ని అణచే ఏర్పాటు ఎందుకు?

ఉద్రేకం చల్లారాక గాయం దగ్గర ప్రోస్టాగ్లాండిన్లు చేరి నరాల కొసలను మరింత సున్నితం చేస్తాయి. వినోదం కోసం జంతువులను పోరుకు ఉసిగొల్పడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం నేరం.

బరిలో కోడిని చూశారు. గెలిచిన దాన్నే సాయంత్రం గంపకింద చూసి, అప్పుడు చెప్పండి.