బీరువా తాళాలు ఎవరి దగ్గర?

మా చెన్నూరు దిక్కు పెండ్లంటే ఎక్కువగా పగటి లగ్గమే. పదిన్నరకు, పన్నెండున్నరకు నడుమ ఎక్కడో ఒకచోట ముహూర్తం పడుతుంది. ఏదీ కుదరకపోతే అభిజిత్ లగ్నం ఉండనే ఉంది, భద్రాద్రి రాముడి కల్యాణమే ఆ మిట్టమధ్యాహ్నం జరుగుతుంది కదా అంటారు అయ్యగారు. కోస్తాలో అర్ధరాత్రి ముహూర్తం ఉంటే పెండ్లిపిల్లను సాయంత్రమంతా తీరిగ్గా ముస్తాబు చేసుకోవచ్చు. మనకు ఆ వెసులుబాటు లేదు. మైలపోలు, తలస్నానం, జడ, మొఖం, చీర, నగలు, ఫొటోలు, ఎదుర్కోళ్లు, గౌరీపూజ అన్నీ ఒక్క పొద్దుగాలనే కావాలి. అందుకే మా చుట్టాలలో లగ్గం ఖాయమైందంటే, ఎవరు ఎన్నింటికి అద్దం ముందు కూర్చోవాలో రాసే పట్టీ నా దగ్గరికి వస్తుంది. బడిలో టైంటేబుల్ వేసే దానివి నువ్వే కదా అని నామీద పెట్టారు. ఆ పని నాకూ ఇష్టమే.

పట్టీని కింది నుంచి పైకి రాయాలి. జీలకర్ర బెల్లం 11.36కు అనుకుందాం. పిల్ల గౌరీపూజకు 10.45కు కూర్చోవాలి. దానికి ముందు ఫొటోగ్రాఫర్‌కు అరగంటైనా ఇవ్వకపోతే ఆయన పూజ మధ్యలో దూరతాడు. అంటే పదింటికల్లా చీర, నగలతో సహా పని అయిపోవాలి. చీరకు ముప్పావు గంట, మొఖానికి గంటంబావు, జడకు గంట. ఇట్లా వెనక్కి లెక్కేస్తే ఏడు గంటలకు పిల్ల జుట్టు పొడిగా ఉండాలి. చాలా పట్టీలు చెడిపోయేది ఈ ఒక్క గీత దగ్గరే. మైలపోలు కొన్ని ఇండ్లల్లో ముందురోజే అయిపోతుంది. పెండ్లి పొద్దున్నే ఉన్న ఇంట్లో మాత్రం పసుపు, నలుగు, గోర్లు తీసే తంతు, ఆ తర్వాత తలమీద నీళ్లు, అన్నీ తెల్లవారకముందే మొదలవ్వాలి. ఎండాకాలంలో మా దగ్గర జుట్టు దానంతట అదే ఆరుతుంది. మాఘమాసంలో నడుము దాటిన జడ గంటకైనా ఆరదు. తడి జుట్టు మీద సవరం నిలవదు, పూలజడ బరువుకు జారుతుంది. డ్రయ్యర్, స్ట్రెయిటనర్, వంటవాళ్ల గ్రైండర్ ఒకే లైను మీద పెడితే ఫంక్షన్ హాల్లో ఫ్యూజు కొట్టేస్తుంది. కాబట్టి ప్లగ్గు ఎక్కడుందో ముందురోజే చూసి రావాలని పట్టీలో రాస్తాను. చదివినవాళ్లు నవ్వుతారు.

పసుపు సంగతి ఇంకోటి. నలుగు పెట్టిన ఒంటి రంగుకు, నెల కిందట పార్లర్‌లో ట్రయల్ వేసిన రంగుకు పొంతన ఉండదు. అప్పుడు కుదిరిన ఫౌండేషన్ షేడు ఇప్పుడు బూడిద పూసినట్టు కనిపిస్తుంది. పసుపు నీటిలో కరగదు, నూనెలో కరుగుతుంది. సబ్బుతో తెగ రుద్దితే పోవడం అటుంచి ఎర్రబారుతుంది. సున్నం కలిస్తే పసుపు పారాణి అయ్యేది కూడా ఆ గుణం వల్లనే. కొబ్బరినూనె పట్టించి, శనగపిండితో తీసేసి, మిగిలిన పచ్చదనాన్ని బట్టి అప్పటికప్పుడు రంగు కలిపే మనిషే కావాలి. మంచిర్యాల నుంచి బొగ్గు లారీల నడుమ పొద్దున్నే 40 కిలోమీటర్ల దాకా వచ్చే బ్యూటీషియన్‌ను నేను అడిగేది ఆమె పెట్టెలో ఏ కంపెనీ డబ్బాలున్నాయని కాదు, పసుపు ఒంటి మీద ఎప్పుడైనా వేశావా అని.

జడ వేసేవాళ్లకు చెప్పి తీరాల్సిందొకటుంది. నడినెత్తిన పఫ్ లేపొద్దు. జీలకర్ర బెల్లం పెట్టేది అక్కడే. ఫోన్లో చూపించిన ఉత్తరాది పెండ్లికూతురి కొప్పు అందంగానే ఉంటుంది గానీ, ఆ కొప్పు మీద పిలగాడు చెయ్యి ఎక్కడ ఆనించాలి? నుదుటికి బాసింగం కడతారు. దాని దారం వెనక్కి పోయేచోట పిన్నులు ఉండకూడదు. పుస్తె కట్టేటప్పుడు ఆడబిడ్డ జడ ఎత్తి పట్టుకోవాలి. పూలజడకు జడగంటలు కూడా తగిలిస్తే పాపం ఆమె చెయ్యి లాగేస్తుంది. హోమం పొగకు కాటుక కారుతుంది, అది ముందే అనుకున్నదే. మన తంతులు తెలియనివాళ్లు వేసిన అలంకరణ ఎదుర్కోళ్ల దాకా నిలుస్తుంది, తలంబ్రాల దాకా నిలవదు.

ఇగ వరుస. పిల్ల తర్వాత చెల్లె, వదినె, మేనత్త బిడ్డలు, ప్రాణహిత దాటి సిరొంచ నుంచి వచ్చిన చిన్నమ్మ కోడలు... పేర్లు తామరతంపరగా వచ్చి చేరతాయి. పిల్ల తల్లి పేరు అడుగున ఉంటుంది. ఒక్కోసారి ఉండనే ఉండదు. మా చుట్టాల ఏ ఆల్బమ్ తీసినా ఇదే కథ: కాళ్లు కడిగే ఫొటోలో అందరి మొఖాలూ మెరుస్తుంటాయి, కన్నతల్లి నుదుట చెమటకు బొట్టు జారి ఉంటుంది. అడిగితే, "నాకెందుకు బిడ్డా, నన్నెవరు చూస్తరు?" అంటుంది. ఆ మాటను ఒప్పుకుని ముందుకు పోవడమే అందరికీ అలవాటు. నేను ఒప్పుకోను.

నిజానికి ఆమెకు చోటు ఉంది. బ్యూటీషియన్ వెంట సాధారణంగా జడ వేసే పిల్ల ఒకతి వస్తుంది. ఏడింటి నుంచి ఎనిమిది దాకా ఆ పిల్ల పెండ్లికూతురి జడ మీద ఉంటే, మొఖం చేసే మనిషి చేతులు ఖాళీ. అందరూ ఆ గంటను చెల్లెకో, దూరపు చుట్టానికో ఇచ్చేస్తారు. అందులో 7 నుంచి 7.40 తల్లిదని నేను ముందే రాసేస్తాను. రాసినంత మాత్రాన ఆమె వచ్చి కూర్చోదు. ఒడిబియ్యం ఎక్కడ, పుస్తె మెట్టెలు ఎక్కడ, అయ్యగారికి ఇచ్చే ధోవతులు ఎక్కడ అని ఐదు నిమిషాలకొకరు పిలుస్తూనే ఉంటారు, ఆమె లేస్తూనే ఉంటుంది. బీరువా తాళాలు ఆమె నడుముకే ఉంటాయి మరి. అందుకని నా పట్టీలో ఆమె పేరు పక్కన ఇంకో పేరు ఉంటుంది. ఏడింటికి ఆ తాళాల గుత్తి తీసుకుని 7.40 దాకా ఎవరేమడిగినా తీసి ఇచ్చే మనిషి పేరు. మేనత్త అయితే మేలు. ఎవరికి ఏమివ్వాలో ఆమెకు తెలుసు, ఎవరినైనా కసరగలదు కూడా. టిఫిన్ల లెక్క తండ్రి చూసుకోవాలి. ఆయనకు ఆ పొద్దున ఎట్లాగూ ఫోను పట్టుకుని గేటు దగ్గర నిలబడడం తప్ప వేరే పని ఉండదు.

మంచి ముహూర్తం ఒక్క ఇంటికే రాదు. అదే రోజు మందమర్రిలోనో, జైపూర్‌లోనో ఇంకో లగ్గం ఒప్పుకున్న బ్యూటీషియన్ పదిన్నరకల్లా పెట్టె సర్దేస్తుంది. తప్పుపట్టలేం, శూన్యమాసంలో ఆమెకు బేరం ఉండదు. ఆమె పోయాక నాగవెల్లి దాకా మొఖం నిలబెట్టేది ఒక చిన్న సంచి: టిష్యూలు, లిప్‌స్టిక్, పిన్నీసులు, బొట్టు బిళ్లలు, నెత్తిలో తలంబ్రాలు ఏరడానికి దువ్వెన. దాన్ని ఇంటర్ చదివే పిల్ల చేతికిస్తాను. పెద్దవాళ్లకిస్తే భోజనాల దగ్గర మర్చిపోతారు, ఆ వయసు పిల్లలు మాత్రం స్టేజీ దిగరు.