మట్టంటని మడమ

ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ ప్రకటనల్లో ఉత్త కాళ్లకు కొదవ లేదు. తివాచీ అమ్మినా, పట్టీలు అమ్మినా మట్టంటని మడమే. పగులు కనపడిందా, అది క్రీము ప్రకటన. రెండో ఫొటోకల్లా మాయం!

సినిమా హోర్డింగులు గీసి బతికిన ఎం.ఎఫ్. హుసేన్ ఉత్త కాళ్లతోనే తిరిగేవాడు. 1988లో బొంబాయి క్లబ్బొకటి చెప్పుల్లేవని ఆయన్ని గడప దాటనివ్వలేదు. ఆయన బొమ్మలు కొనే తరగతే అది.

2018 మార్చిలో నాసిక్ నుంచి ముంబయికి నడిచొచ్చిన రైతుల బొబ్బలెక్కిన అరికాళ్లనూ ఇవే తెరల మీద చూశాం. అవి ఏమీ అమ్మలేదు. నాలుగు రోజుల్లో మరిచాం.

మా అమ్మీ మడమ పగుళ్లకు పట్టిన నల్లరేగడి రంగు వజూ నీళ్లకూ పోయేది కాదు. ఆ పాదాలతోనే నమాజుకు నిలబడేది. అవే మడమలొచ్చిన నా బిడ్డ ఇవాళ వాటిని దుపట్టా కింద దాచుకుని కూర్చుంటోంది.