చెకుముకి తుపాకీకి వెల కట్టే కన్ను

అమెరికాలో కొన్ని కుటుంబాలు తాతముత్తాతల నాటి పొడవాటి రైఫిల్‌ను ఇప్పటికీ దాచుకున్నాయి. 18వ శతాబ్దంలో పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్ చుట్టుపక్కల స్థిరపడిన జర్మన్, స్విస్ పనివాళ్లు తీర్చిన తుపాకీ అది. దాన్ని బాగుచేయించాక వెల కట్టమంటే, అనుభవజ్ఞుడు ముందుగా వెతికేది చేతిపని ఆనవాళ్లనే. తొలి పనివాడి చెయ్యి ఎంతవరకు మిగిలింది, బాగుచేసినవాడి చెయ్యి ఎక్కడ ఆగింది అన్నదాని మీదే వెల నిలుస్తుంది.

ఆ తొలి పని సామాన్యమైనది కాదు. పొడవాటి ఇనుప పట్టీని కొలిమిలో కాల్చి, కడ్డీ చుట్టూ వంచి, అంచులు ఒకదానికొకటి అతుక్కునేలా కొంచెం కొంచెంగా సుత్తితో కొట్టి గొట్టం చేసేవారు. లోపల తొలిచి, బయట ఎనిమిది పలకలు తీర్చేవారు. తరచుగా 40 అంగుళాలు దాటే ఆ పొడవంతా మెలితిరిగే గాళ్లను చేత్తోనే కోసేవారు. వాటి వల్లే సీసపు గుండు గిర్రున తిరుగుతూ గురి తప్పకుండా పోతుంది. ఈ పద్ధతిలో తుపాకీ పనివాడు వాలెస్ గస్లర్ ఒక రైఫిల్‌ను మొదటినుంచి చివరిదాకా చేయడాన్ని విలియమ్స్‌బర్గ్‌లో చిత్రీకరించి 1969లో విడుదల చేశారు. అది చూస్తే ఆ శ్రమ ఎంతటిదో తెలుస్తుంది.

చెక్క మేపుల్. ఇనుము కరిగించిన నైట్రిక్ ఆమ్లాన్ని పూసి వేడి చూపిస్తే అందులోని పులిచారలు పైకి తేలతాయి. చెంప ఆనించే వైపున చెక్కిన తీగలు ఉబ్బెత్తుగా కనిపించడానికి, చుట్టూ ఉన్న చెక్కనంతా పనివాడు సన్నగా దించేస్తాడు. రెండోవైపు ఇత్తడి మూత ఉన్న చిన్న అర. గుండుకు చుట్టే గుడ్డముక్కలు అందులో ఉంటాయి. గొట్టం పైపలక మీద జేకబ్ డికర్ట్ వంటి పేరున్న పనివాడి సంతకం నిజమైనదైతే వెల ఎంతో పెరుగుతుంది. సంతకం లేకపోయినా ఆ ఇత్తడి మూత తీరు, నగిషీ వంపు అది ఏ కౌంటీ పనో చెప్పేస్తాయి.

ఇక మరమ్మతు. 1820 తర్వాత ఇలాంటి తుపాకులెన్నో చెకుముకి రాయి నిప్పురవ్వతో పేలే పద్ధతి నుంచి, దెబ్బ తగిలితే పేలే క్యాప్ పద్ధతికి మారాయి. వాటిని ఇప్పుడు మళ్లీ చెకుముకికి మార్చడం కద్దు. ఆ పని ఎంత చక్కగా కుదిరినా, ఎప్పుడూ మార్చని తుపాకీ ధర దానికి రాదు. పాత మార్పు కూడా ఆ తుపాకీ చరిత్రే కనుక, దాన్ని అలాగే ఉంచినా విలువైనదే. అన్నిటికన్నా నష్టం చేసేది మెరుగు పెట్టే తొందర. ఇసుక కాగితం తగిలితే నగిషీ అంచులు మొద్దుబారతాయి. గొట్టానికి పాలిష్ పెడితే రెండు శతాబ్దాల ముదురు గోధుమ ఛాయ పోతుంది. పోయినదాన్ని ఎవరూ తిరిగి తేలేరు.

మంచి పునరుద్ధరణలో విరిగిన చెక్కకు అతికిన ముక్క నార నారతో కలుస్తుంది. కొత్తది కొత్తదని నిపుణుడికి తెలుస్తూనే చూపుకు అడ్డు రాదు. ముందూ తర్వాతా తీసిన ఫోటోలు, మార్చిన భాగాల పట్టీ, కుటుంబపు పాత వీలునామా తోడైతే వెల కట్టేవాడు ధైర్యంగా అంకె చెబుతాడు. అదే పనివాడు చేసి, అదే స్థితిలో ఉన్న మరో తుపాకీ వేలంలో పలికిన ధరతో పోల్చి చూస్తాడు. కాబట్టి బాగుచేయడానికి ఇచ్చేవారు మెరుపు కోరకుండా, చేసిన ప్రతి పనికీ రాతపూర్వక లెక్క అడగాలి. తుపాకీతోపాటు తర్వాతి తరానికి అందవలసిన ఆస్తి ఆ కాగితం కూడా.