సిలిండర్ విప్పితేనే రివాల్వర్ బాగు

రివాల్వర్ శుభ్రం చేయడమంటే గొట్టంలో బ్రష్ ఆడించి, పైన నూనెగుడ్డతో తుడవడమేనని చాలామంది అనుకుంటారు. కానీ గొట్టం కదలని భాగం. ప్రతి గుండుకూ ఒక గది చొప్పున తిరిగి, గొట్టానికి సూటిగా వచ్చి ఆగవలసింది సిలిండర్. దాని ముందు ముఖానికీ గొట్టం వెనక అంచుకూ నడుమ ఉండే సందు సుమారు మిల్లీమీటరులో పదో వంతు నుంచి ఐదో వంతు వరకే. గుండు పేలిన ప్రతిసారీ వేడి వాయువులు, మసి, సీసపు తుంపరలు ఆ సందులోంచే పక్కలకు చిమ్ముతాయి. అంత ఇరుకులో సిలిండర్ పట్టేయడానికి పెద్ద మురికేమీ అక్కర్లేదు. అందుకే సిలిండర్ విప్పడాన్ని మొత్తం నిర్వహణకు కేంద్రంగా చూడాలి. మందు మారినా, మోడళ్లు మారినా ఆ పనికి విలువ తగ్గలేదు. ఎన్నాళ్లకోసారి చేయాలన్నదే మారింది.

ఈ అలవాటు పుట్టింది పాత తుపాకిమందు వల్ల. సూరేకారం, బొగ్గు, గంధకం కలిపిన ఆ మందు కాలినప్పుడు దాని బరువులో సగానికి పైగా వాయువు కాకుండా ఘనపదార్థంగానే మిగులుతుంది. అందులోని పొటాషియం లవణాలు గాలిలో తేమను పీల్చి ఉక్కును తినేస్తాయి. అవి నూనెకు లొంగవు, నీటిలో కరుగుతాయి. అంటే వేడినీళ్లు, సబ్బుతో కడిగి, తడి లేకుండా ఆరబెట్టి, ఆపైన నూనె పట్టించాలి. అలా కడగాలంటే సిలిండర్ విడిగా చేతికి రావాలి. తయారీదారులు ఈ అవసరాన్ని ఒక్కో విధంగా తీర్చారు. కోల్ట్ 1851 నేవీలో అడ్డంగా దిగిన చీలను తట్టి తీసి, ముందు గొట్టాన్నే ఊడదీస్తే గానీ సిలిండర్ రాదు. రెమింగ్టన్ న్యూ మోడల్ ఆర్మీలో ఫ్రేము సిలిండర్ పైనుంచి కూడా చుట్టుకుని ఉంటుంది. గొట్టం కింది మీటను దించి ఇరుసును ముందుకు లాగితే సిలిండర్ పక్కకు వచ్చేస్తుంది. విప్పడం సులువే అయినా, ఆ సన్నని ఇరుసు మసికి త్వరగా బిగుసుకుంటుంది. కోల్ట్ ఇరుసు లావు, దాని మీద గ్రీజు నిలిచే గాళ్లూ ఉంటాయి కాబట్టి ఎక్కువసేపు తిరుగుతుంది.

అమెరికా సైన్యం 1873లో తీసుకున్న కోల్ట్ సింగిల్ యాక్షన్ ఆర్మీ ఈ రెండు దారుల్లో రెమింగ్టన్ దారినే పట్టింది. గట్టి ఫ్రేము, ముందుకు జారే ఇరుసు దాని లక్షణాలు. మొదట్లో ఇరుసును ఒక స్క్రూ పట్టి ఉంచేది. 1890లలో దాని స్థానంలో స్ప్రింగుతో పనిచేసే అడ్డ గొళ్లెం వచ్చి, పనిముట్టుతో పని లేకుండా పోయింది. విప్పే క్రమంలోనే ఒక భద్రతా పాఠం ఇమిడి ఉంది. సిలిండర్ స్వేచ్ఛగా తిరగాలంటే హ్యామర్‌ను సగం వరకు వెనక్కి లాగి నిలపాలి. తూటాలు నింపే చిన్న తలుపు తెరిచి, ఆరు గదులనూ ఒక్కొక్కటిగా తిప్పి ఖాళీగా ఉన్నాయో లేదో చూసుకునేది కూడా ఆ స్థితిలోనే. అది చూశాకే గొళ్లెం నొక్కి ఇరుసు లాగాలి. సిలిండర్ కుడిచేతి వైపుకు దొర్లి వస్తుంది. ఖాళీగా ఉందని నిర్ధారించుకోకుండా విప్పేవాడు యంత్రం చూపించినదాన్ని కూడా చూడనివాడే.

ఇక్కడ ఒక ప్రశ్న సహజంగా వస్తుంది. పొగలేని మందు అంత బూడిద మిగల్చదు, నేటి ప్రైమర్లు తుప్పు పట్టించవు, మరి ఇంకా విప్పడం దేనికి? తేమను పీల్చే లవణాల బెడద తగ్గిన మాట నిజమే. కానీ కర్బనం, సీసం పేరుకోవడం ఆగలేదు. .357 మాగ్నమ్ గదుల్లో .38 స్పెషల్ తూటాలు కాలిస్తే, వాటి తొడుగు 3 మిల్లీమీటర్లకు పైగా పొట్టి కాబట్టి, తొడుగు ముగిసిన చోట గట్టి వలయం కడుతుంది. తర్వాత మాగ్నమ్ తూటా పెడితే అది పూర్తిగా దిగదు. పైగా విప్పడం వల్ల కడగడంతో పాటు చూడటం కూడా సాధ్యమవుతుంది. సిలిండర్ వెనక పళ్లు అరిగాయా, ఆపే గొళ్లెం దిగే గాళ్ల అంచులు చితికాయా, సూది వచ్చే రంధ్రం చుట్టూ ఫ్రేము బాగుందా, ఇరుసు మీద గీతలు పడ్డాయా? సిలిండర్ లోపల ఉండగా వీటిలో చాలావాటికి పూర్తి జవాబు దొరకదు. గట్టి ఫ్రేము కోల్ట్‌లో గొట్టాన్ని మూతి వైపు నుంచే శుభ్రం చేయాలి. సిలిండర్ తీయకపోతే, లోపలికి నెట్టిన మురికి వెళ్లి చేరేది కదిలే భాగాల మధ్యకే.

రెండో అభ్యంతరం మరింత బలమైనది: మాటిమాటికీ విప్పితే అరుగుదల పెరగదా? దీనికి అన్ని తుపాకులకూ ఒకే జవాబు లేదు. గట్టి ఫ్రేము కోల్ట్ ఇరుసు చేత్తో లాగడానికే చేసింది, కాల్చిన ప్రతిసారీ తీసినా నష్టం లేదు. సిలిండర్ ఎడమ పక్కకు తెరుచుకునే స్మిత్ అండ్ వెసన్ రకం సంగతి వేరు. అందులో గదులనూ, తొడుగులను నెట్టే నక్షత్రపు పలక కిందనూ విప్పకుండానే శుభ్రం చేయవచ్చు. ఆ పలక కింద కాలని మందు పలుకులు చిక్కుకుంటే తూటాలు పైకి లేచి సిలిండర్ బిగుసుకుంటుంది కాబట్టి ఆ చోటును ఎన్నడూ మరవకూడదు. సిలిండర్‌ను మోసే చేయి లోపల గట్టిపడిన నూనెను తీయడానికి మాత్రం అప్పుడప్పుడు ముందరి స్క్రూ విప్పాలి. సరిపోని స్క్రూడ్రైవర్‌తో దాని గాడి చెడిపోతుంది. ఆ స్క్రూ ఆ తుపాకీకే అమర్చి సరిచేసింది గనుక మిగతావాటితో తారుమారు చేయకూడదు.

కాబట్టి సంప్రదాయాన్ని గుడ్డిగా పాటించడం కన్నా దాని కారణాన్ని పట్టుకోవడం మేలు. పాత మందు వాడితే అదే రోజు విప్పి కడగాలి. కొత్త మందుతో కోల్ట్ రకాన్ని కాల్చిన ప్రతిసారీ విప్పి తుడిస్తే చాలు. పక్కకు తెరుచుకునే రకాన్ని తిరగడంలో బరువు తోచినప్పుడో, చాలాకాలం వాడాకో విప్పాలి. సిలిండర్ ముఖం మీది నల్లటి వలయాలు పోయేదాకా రుద్దితే మసితో పాటు నీలిరంగు పూత కూడా పోతుంది. కాబట్టి అది అద్దంలా మెరవనక్కర్లేదు. సిలిండర్ అడ్డు లేకుండా తిరుగుతూ, ప్రతి గదీ గొట్టానికి సూటిగా ఆగుతుంటే పని పూర్తయినట్లే.