కత్తి ఎవరిది? ఒర ఎవరిది?

పల్నాటి వీరుల కథ మీద మన మధ్య మాట వచ్చినప్పుడల్లా ఒక పేరు గర్వంగా వినపడుతుంది: మాల కన్నమదాసు. బ్రహ్మనాయుడు పెంచుకున్న కొడుకు, మాచర్ల పక్షాన సేనాని. పన్నెండో శతాబ్దంలోనే ఒక మాల చేతిలో కత్తి ఉందనీ, ఆ కత్తి వెనక సైన్యం నడిచిందనీ సభల్లో చెప్పుకుంటాం. అందులో తప్పేమీ లేదు. పాఠ్యపుస్తకాలు మన పిల్లలకి ఇవ్వని గర్వాన్ని ఆ పేరు ఇచ్చింది. అయితే గర్వం దగ్గరే ఆగిపోతే కథని సగమే చదివినట్టు. ఆ కత్తి కన్నమదాసు చేతికి ఎట్లా వచ్చింది? ఎవరి తగాదా కోసం లేచింది? దాన్ని తయారు చేసిన చేతులు ఎవరివి? ఈ మూడు ప్రశ్నలతో కథని తిరిగి చదవాలన్నది మా ప్రతిపాదన.

ముందు కథ మన దాకా వచ్చిన దారి చూడాలి. శ్రీనాథుడి పేరు మీద ఉన్న ద్విపద కావ్యాన్ని అక్కిరాజు ఉమాకాంతం 1911లో అచ్చు వేయించాడు. సాహిత్య చరిత్రలు ఎక్కువగా చర్చించేది ఈ అచ్చు పుస్తకాన్నే. కానీ కథని తరతరాలుగా నోటితో మోసుకొచ్చింది పల్నాటి మాల గాయకులు. వాళ్ళ పాటని విని, రాసుకుని, జీన్ రోఘేర్ 1982లో ఇంగ్లీషులో పెద్ద పుస్తకం తెచ్చాడు. మన విమర్శకులు మాత్రం శ్రీనాథుణ్ణి కవి అన్నారు, గాయకుల్ని 'జానపదులు' అన్నారు. కవికి పేరుంటుంది, జానపదులకి ఉండదు. పాట విషయంలో జరిగిందే కత్తి విషయంలోనూ జరిగింది.

ఇక మొదటి ప్రశ్న. కన్నమదాసు తన వాడ బలంతో సేనాని కాలేదు. వెలమ మంత్రి కొడుకుగా చేరదీసుకుంటే అయ్యాడు. చాపకూడుకీ ఇదే వర్తిస్తుంది. అన్ని కులాలూ ఒకే చాప మీద కూచుని తినడం ఆ కాలానికి చిన్న సంగతి కాదు, దాన్ని మేము తక్కువ చెయ్యం. కానీ పరిచినవాడికి ఆ చాపని చుట్టేసే హక్కు కూడా ఉంటుంది. దొర దయ మీద ఆధారపడ్డ సమానత్వం దొర ఉన్నన్నాళ్ళే ఉంటుంది. బ్రహ్మనాయుణ్ణి కులనిర్మూలన నాయకుడిగా నిలబెట్టే వ్యాసాలు ఈ తేడాని దాటేస్తాయి.

రెండోది, తగాదా. గురజాలలో నలగామరాజు, మాచర్లలో మలిదేవరాజు. దాయాదుల మధ్య రాజ్యభాగం, కోడిపందెం, ఏడేళ్ళ వలస, చివరికి 1182 ప్రాంతంలో కారెంపూడి దగ్గర యుద్ధం. ఇందులో మాలపల్లెకి సంబంధించిన తగువు ఏది? భూమి ఎవరిదనే మాట రాలేదు, వెట్టి మాట రాలేదు. కన్నమదాసు కత్తి గొప్పగా లేచింది, కానీ తన జనం కోసం లేచే అవకాశం కథ దానికి ఇవ్వలేదు.

మూడో ప్రశ్న మనల్ని కూడా ఇబ్బంది పెడుతుంది. బాలచంద్రుడితో కలిసి పోరుకి పోయిన తమ్ముళ్ళ వరసలో బ్రాహ్మణ అనపోతు ఉన్నాడు, మంగలి, చాకలి, కుమ్మరి కులాల వాళ్ళున్నారు. సేనానిగా మాల ఉన్నాడు. ఆ వరసలో మాదిగ పేరు మాకు కనపడలేదు. మరి మాదిగ లేకుండా యుద్ధం జరిగిందా?

ఇది తేలాలంటే కథ పక్కన పెట్టి కొలిమి దగ్గరికి పోవాలి. మన తెలుగు నేల మీద ఉక్కు తయారీకి బాగా పేరున్న చోటు నిజామాబాద్ జిల్లా కోనసముద్రం. డమాస్కస్ కత్తులని లోకం పొగిడిన కత్తులకి కావలసిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు అక్కడిదాకా వచ్చేవారు. సర్వే ఉద్యోగి హెన్రీ వోయ్‌సీ అక్కడి పని చూసి రాసిన వివరణ ఆయన చనిపోయాక 1832లో అచ్చయింది. ఇంగ్లండులో ఫారడే అంతటివాడు ఈ ఉక్కు మీద ప్రయోగాలు చేశాడు. 'వూట్జ్' అనే ఇంగ్లీషు పేరే మన 'ఉక్కు' లాంటి దక్షిణాది మాట నుంచి పోయిందని పండితులు అంటారు. ఇనుముని మట్టి మూసలో పెట్టి, బొగ్గుల మంట మీద గంటల తరబడి కాస్తే ఉక్కు ముద్ద దిగుతుంది. ఆ మంట ఆరకుండా ఉండాలంటే గాలి కావాలి. గాలికి తిత్తి కావాలి. తిత్తికి తోలు కావాలి.

చచ్చిన గొడ్డుని ఊరి బయటికి ఈడ్చి, ఒలిచి, సున్నపు నీళ్ళలో నానబెట్టి, వెంట్రుక గీకి, తంగేడు చెక్క రసంలో ఊరబెడితే తోలు అవుతుంది. ఈ పని ఎవరిదో ఊళ్ళో ఎవర్ని అడిగినా చెప్తారు. కొలిమి తిత్తి దగ్గర మొదలుపెడితే కత్తికి ఒర, చేతికి డాలు, నడుముకి పట్టీ, గుర్రానికి జీను, కాలికి చెప్పు, చివరికి యుద్ధానికి పిలిచే భేరి దాకా తోలే. ఉక్కు మీద పుస్తకాలొచ్చాయి, ఆయుధాలు సాలార్‌జంగ్ మ్యూజియంలో అద్దాల వెనక ఉన్నాయి. పట్టిన రాజు పేరు తెలుస్తుంది, ఒక్కోసారి కమ్మరి నైపుణ్యం మీద నాలుగు మాటలుంటాయి. తోలు పనిని మాత్రం ఎవరూ విజ్ఞానం కింద లెక్కగట్టలేదు. ఇనుప ముక్క మీద గీతల్ని చూసి ముచ్చటపడే చరిత్రకారుడు తోలు వాసన దగ్గరకొచ్చేసరికి ముక్కు మూసుకుంటాడు.

కారెంపూడిలో ఇవాళ్టికీ కార్తీక అమావాస్య నుంచి అయిదు రోజులు వీరుల ఉత్సవం జరుగుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. కొణతాలని పిలిచే వీరుల ఆయుధాలకి నాగులేటిలో స్నానం చేయించి, ఊరేగిస్తారు. మందపోరు నాడు చాపకూడు పెడతారు. ఏడాదిలో అయిదు రోజులు ఆయుధం దేవుడవుతుంది, కులాలు ఒక చాప మీదికొస్తాయి. తక్కిన రోజుల్లో చుట్టూ ఉన్న మిర్చి, పత్తి చేలల్లో ఎవరి స్థానం వాళ్ళదే.

స్థానం దాటితే ఏమవుతుందో ఈ మైదానం చూసింది. 1985 జులై 17న కారంచేడులో గొడ్డళ్ళు, బరిసెలు ఆరుగురు మాదిగల్ని చంపాయి. అంతకుముందు రోజు మంచినీళ్ళ చెరువు దగ్గర మున్నంగి సువార్తమ్మ చేతిలో ఉన్నది బిందె. కొట్టబోతే అడ్డంగా ఆ బిందెనే ఎత్తింది. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని నరికి, శవాల్ని గోనె సంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది, 2014లో హైకోర్టు కొట్టేసింది. వీరత్వం గురించి మాట్లాడే సాహిత్యం ఈ ఇనుముని వీరగాథల్లో కలపదు, కలపకూడదు కూడా. కానీ రెండూ ఒకే ఊరి కొలిమి నుంచి వచ్చినవేనని మరిచిపోకూడదు. ఆయుధం ఎవరి చేతికి ఇవ్వాలో, ఎవరి మీద వాడాలో కులమే నిర్ణయించింది.

అందుకే 1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ దండోరా మొదలైనప్పుడు అది కత్తిని గుర్తుగా ఎంచుకోకపోవడం మాకు అర్థవంతంగా కనపడుతుంది. ఎంచుకున్నది డప్పు. తన చేత్తో ఊరబెట్టిన తోలు, తన చేత్తో బిగించిన వాద్యం. ఎవరో చేరదీసి చేతిలో పెట్టింది కాదది. వర్గీకరణ సబబేనని 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు చెప్పేదాకా ముప్ఫై ఏళ్ళు ఆ డప్పు మోగుతూనే ఉంది. ఈ క్రమంలో మాల, మాదిగల మధ్య మాటలు తెగిన సందర్భాలున్నాయి. దాన్ని దాచిపెట్టి ఐక్యత గురించి ఉపన్యాసాలిస్తే లాభం లేదు.

కన్నమదాసుని వదులుకోమని మేము అనడం లేదు. అతని పక్కన ఇంకో మనిషిని కూచోబెట్టమంటున్నాం. అతని ఒర కుట్టినవాణ్ణి, డాలు బిగించినవాణ్ణి, తిత్తి కట్టినవాణ్ణి. ఆ పని చేసేవాళ్ళు ఇంకా పల్లెల్లో ముసలితనంలో ఉన్నారు. తోలు పని మాటలు, కొలతలు, పనిముట్ల పేర్లు వాళ్ళతోనే పోతున్నాయి. మన విద్యార్థులు పరిశోధనకి అంశం వెతుక్కునేటప్పుడు ముందు వాళ్ళ అరుగుల దగ్గరికి పోవాలి. వీరుల కథకి మన వైపు నుంచి రాయాల్సిన సగం అక్కడుంది.