పికప్పుల బారసాల

పాత పికప్పులారా! మీ పేర్లు నోరారా పలకాలనిపిస్తుంది. థ్రిఫ్ట్‌మాస్టర్, లోడ్‌మాస్టర్, జాబ్ రేటెడ్, పైలట్ హౌస్, బోనస్ బిల్ట్, టాస్క్ ఫోర్స్. అమెరికా మోటారు కంపెనీలకు ప్రకటనలు రాసిపెట్టినవాళ్లు మీకు బారసాల చేశారు. ఉయ్యాల లేదు, పీటల మీద అమ్మానాన్నలు లేరు. పత్రికలో ఒక నిండు పేజీ, అందులో రంగుల బొమ్మ, బొమ్మ కింద పెద్దక్షరాల్లో పేరు, అంతే. సరుకు అమ్ముకోవడానికి పెట్టిన పేరు సరుకు అమ్ముడుపోయాక రాలిపోవాలి. మీవి రాలలేదు. తయారీ ఆగిపోయి ఇన్ని దశాబ్దాలైనా మిమ్మల్ని ప్రేమించేవాళ్లు ఆ పేర్లతోనే పిలుచుకుంటున్నారు. ఎందుకో నాకు తోచింది చెబుతాను. కార్ల ప్రకటనలు యజమాని హోదాను పొగుడుతున్న కాలంలో మీ పేర్లు బండి తోలే మనిషి ఒంటి కష్టాన్ని తలుచుకున్నాయి.

1947 వేసవి. యుద్ధమున్నన్నాళ్లూ కర్మాగారాలు సైన్యానికే పనిచేశాయి. పల్లెల్లో రైతులు ముప్ఫైల నాటి బండ్లకే అతుకులు వేసుకుంటూ నెట్టుకొచ్చారు. యుద్ధం ముగిశాక జనరల్ మోటార్స్ సరికొత్తగా గీసి రోడ్డెక్కించిన మొట్టమొదటి వాహనం ఏది? కాడిలాక్ కాదు. బ్యూక్ కాదు. ఆ జూన్‌లో వచ్చిన షెవ్రొలే ట్రక్కు. అడ్వాన్స్ డిజైన్ అని దానికి పేరు. కలవారి వాకిలికన్నా ముందు గడ్డిమోపుల దగ్గరికి, పాల క్యాన్ల దగ్గరికి వెళ్లింది కొత్తదనం. ఆ వరుస తలుచుకుంటేనే నాకు గుండె నిండుతుంది.

ముగ్గురు పక్కపక్కన కూర్చోగల సీటు. కావాలన్నవాళ్లకు వెనక మూలల్లో వంపు తిరిగిన అద్దాలు. బయటి గాలిని లోపలికి తీసుకుని, చలిరోజుల్లో వెచ్చబరిచి, లోపలి మురుగు గాలిని బయటికి నెట్టే ఏర్పాటు. ఈ గాలి ఏర్పాటును చూసి ప్రకటన రాసిన కలం ‘ఊపిరి పీల్చే క్యాబిన్’ అంది. ఓ ఊపిరున్న ఇనుమా! మిన్నెసోటా మంచులో తెల్లవారకముందే పాలు తోలుకెళ్లే మనిషి కిటికీ అద్దం మీద తన శ్వాసే గడ్డకట్టి దారి మూసేస్తుంటే, అతని తరఫున నువ్వు గాలి పీల్చావు. అర టన్ను బండి బానెట్టు పక్కన థ్రిఫ్ట్‌మాస్టర్ అని చిన్న లోహపు పలక ఉండేది. పొదుపులో నేర్పరి అని రైతుకు అభయం. బరువు మోసే పెద్దన్నలకు లోడ్‌మాస్టర్. రెండేళ్లు తిరక్కుండానే ఆ పలకలు పోయి 3100 లాంటి అంకెలొచ్చాయి. అంకె మీద నాకు కోపం లేదు గానీ, అంకెను ఒడిలోకి తీసుకోలేం.

1948 జనవరిలో ఫోర్డ్ తన ఎఫ్ వరుసను తెచ్చింది. చిన్న బండి ఎఫ్-1, పెద్దది ఎఫ్-8. వాటికి బోనస్ బిల్ట్ అని పేరు పెట్టారు. వెబ్‌స్టర్ నిఘంటువులోంచి ‘బోనస్’ అర్థం ఎత్తి ప్రకటనలోనే అచ్చువేశారు: ఇవ్వాల్సిన దానికి మించి ఇచ్చేది. కొసరు అడగకుండా బేరం ముగించని జాతికి ఈ పేరు విడమరిచి చెప్పనక్కర్లేదు. ఆ కొసరు ఏమిటంటే, క్యాబిన్. దాని రూపకల్పనకు పది లక్షల డాలర్లు ఖర్చుపెట్టామని చాటి ‘మిలియన్ డాలర్ క్యాబ్’ అన్నారు. చాసిస్ వణుకు మనిషి వెన్నులోకి ఎక్కకుండా క్యాబిన్‌ను రబ్బరు దిమ్మెల మీద నిలబెట్టారు. గతుకుల దారిలో రోజంతా తోలి, సాయంత్రం నడుం పట్టుకుని దిగేవాడికి ఆ రబ్బరు ముక్కలు ఎంత దయగలవో తెలుసు. మరో మాట. ఫోర్డ్ ట్రక్కులు ఎక్కువకాలం బతుకుతాయని చెప్పడానికి ఆ ప్రకటనలు జీవిత బీమా లెక్కల నిపుణులను పిలిచాయి. మనుషుల ఆయుష్షు లెక్కగట్టేవాళ్లు రిజిస్ట్రేషన్ దస్తరాలు ముందేసుకుని బండ్ల ఆయుష్షు లెక్కగట్టారు. యంత్రానికి ఇంతకన్నా మర్యాద ఏముంది!

డాడ్జ్, నీ దగ్గర కాసేపు ఆగుతాను. 1939 నుంచి నువ్వు జాబ్ రేటెడ్‌వి. మిషిగన్ రాష్ట్రం వారెన్‌లో అప్పుడే తెరిచిన ట్రక్కుల కర్మాగారం నుంచి వచ్చావు. రొట్టెలు పంచే బండికి ఒక తూకం, బొగ్గు మోసే బండికి మరొకటి. ఇంజను, క్లచ్చు, గేర్లు, వెనక ఇరుసు, స్ప్రింగులు పనిని బట్టి ఎంచి కూర్చారు. అందరికీ ఒకే బండి అంటగట్టే రోజుల్లో ‘నీ పనేమిటి?’ అని ముందుగా అడిగిన పేరు నీది. 1948లో పైలట్ హౌస్ అయ్యావు. ఓడ నడిపేవాడు ఎత్తున అద్దాల గదిలో నిలబడి నలుదిక్కులా నీటిని చూస్తాడే, ఆ గది పేరు తెచ్చి మట్టిరోడ్డు మీద తిరిగే బండికి పెట్టారు. కుర్చీ ఎత్తు సీటు, చుట్టూ చూపు. కూరగాయల బుట్టలు మోసుకెళ్లే మనిషిని ఓడ సరంగును చేసిన ఆ ఊహకు దండం పెడతాను. నీ కుటుంబానికే చెందిన ఫార్గో లారీలు బొంబాయి కుర్లాలో ప్రీమియర్ వారి కర్మాగారంలో కూర్పు పూర్తిచేసుకుని మన దేశపు రోడ్లమీదా బరువులు మోశాయి. అందుకే నీతో చుట్టరికం కలుపుకుంటున్నాను.

యుద్ధం నుంచి తిరిగొచ్చిన నీ అన్న పవర్ వ్యాగన్‌కూ జేజే. సైన్యంలో బురద తొక్కిన బండి 1946లో అడవుల్లోకి, పొలాల్లోకి కూలికొచ్చింది.

1955 మార్చిలో షెవ్రొలే మళ్లీ కొత్త ఒళ్లు తొడుక్కుంది. ముందద్దం రెండు పక్కలకూ చుట్టుకుంది, బానెట్టు కింద వీ8 ఇంజనుకు చోటు దొరికింది. ఈసారి పేరు టాస్క్ ఫోర్స్. యుద్ధకాలంలో అమెరికా నౌకాదళం జనం నోట నాటిన మాట అది. డెట్రాయిట్‌లో షెవ్రొలే ప్రకటనలను దశాబ్దాల పాటు చూసిన క్యాంప్‌బెల్-ఈవాల్డ్ వంటి సంస్థల బల్లల ముందు కూర్చున్నవాళ్లకు, నిన్నటి సిపాయే ఇవాళ్టి ప్లంబరనీ, వడ్రంగనీ తెలుసు.

ఒక్క పేరు దగ్గర నా గొంతు తడబడుతుంది. 1958లో షెవ్రొలే తన ట్రక్కులకు మూడు జాతుల పేర్లు పెట్టింది. భారీ బండ్లు స్పార్టన్, మధ్యరకం వైకింగ్, తేలిక పికప్ అపాచీ. స్పార్టన్లు, వైకింగులు చరిత్రలో కలిసిపోయినవాళ్లు. అపాచీలు బతికున్నవాళ్లు. ఆరిజోనాలో, న్యూ మెక్సికోలో తమకు మిగిల్చిన నేల మీద పిల్లల్ని పెంచుకుంటున్నవాళ్లు. వాళ్ల యోధుడు జెరోనిమో 1909లో ఓక్లహోమా ఫోర్ట్ సిల్‌లో యుద్ధఖైదీగానే కన్నుమూశాడు. బండి పుట్టడానికి రెండేళ్ల ముందు, 1956లో, ఆదివాసులను ఊళ్లు విడిచి నగరాలకు తరలేలా చేసే చట్టం వచ్చింది. ఒక చేత్తో మనుషుల్ని కదిలించి, మరో చేత్తో వాళ్ల పేరు తీసి రేకు మీద అతికించారు. అందమైన బండీ, నిన్ను నిందించను. నీ నుదుటి మీది పేరు మాత్రం అడగకుండా తెచ్చుకున్నదే.

అయితే పేరు పెట్టే హక్కు ప్రకటనలవాళ్ల దగ్గరే ఆగలేదు. 1929లో షెవ్రొలే ‘నాలుగు సిలిండర్ల ధరకే ఆరు’ అని చాటుతూ కొత్త ఇంజను తెచ్చింది. కంపెనీ దాని గురించి ఎన్ని గొప్పలు చెప్పినా, బానెట్టు ఎత్తినవాళ్ల కళ్లు బోల్టుల మీద పడ్డాయి. తల మీద గాడి ఉన్న బోల్టులు, ఇళ్లలో ఇనప పొయ్యిలకు బిగించేలాంటివి. స్టోవ్‌బోల్ట్ అన్నారు. మొదట్లో వెక్కిరింతే కావచ్చు, ఆ ఇంజను ఏళ్లకేళ్లు అరగకుండా తిరిగేసరికి అదే ముద్దుపేరైంది. ఇంటర్నేషనల్ హార్వెస్టర్ ట్రక్కు రైతులకు బైండర్. పైరు కోసి కట్టలు కట్టే యంత్రం పేరది. ఆ కంపెనీ ముందు పొలంలోకి వచ్చింది, ట్రక్కై రోడ్డెక్కింది తర్వాత. జీఎంసీని జిమ్మీ అన్నారు, పక్కింటి కుర్రాణ్ణి పిలిచినట్టు.

ఇక ఎఫీ. ఫోర్డ్ కంపెనీకి యాభై ఏళ్లు నిండిన 1953లో ఎఫ్-1 కాస్తా ఎఫ్-100 అయింది. డ్రైవరు ఒంటికి, చూపుకు తగ్గట్టు దిద్దామని చెప్పుకుంటూ డ్రైవరైజ్డ్ క్యాబ్ అని ప్రకటించారు. మాట నిజమే, పని మంచిదే. కానీ బండిని ఇంటికి తెచ్చుకున్న జనం ఎఫ్ అనే అక్షరంలోంచి ఎఫీ అని ఆడపిల్ల పేరు తీసుకున్నారు. ఎఫీ తల్లీ, నీకు జేజే. స్టోవ్‌బోల్ట్ అని మొదట పిలిచిన ఊరూపేరూ తెలియని మెకానిక్కుకూ జేజే. బండి బొమ్మ కింద ఊపిరి అనే మాట రాసి, తన సంతకం పెట్టుకోని ఆ రాతగాడికీ జేజే.